పొట్టేలును కట్టేసి పోయిన మామ

వాక్యం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నాకొక ధైర్యం ఉండేది. ఎంత పెద్ద మాట చెప్పినా వినేవాళ్ళు తల ఊపుతారు, ఆమెన్ అంటారు, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుని ఇంటికి పోతారు. శత్రువును ప్రేమించమన్నా అంతే, ఉన్నదంతా పంచిపెట్టమన్నా అంతే. కంబదూరు దగ్గర ఆ పల్లెకు పోయినాక ఆ ధైర్యం కాస్తా పోయింది. దానికి కారణం ఒక చెనిక్కాయ రైతు, అంటే వేరుశనగ పండించే మనిషి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. మాది చిలమత్తూరు పక్క. పెళ్ళయిన మరుసటి ఏడాదే నన్ను ఆ పల్లె సంఘానికి పాస్టరుగా పంపినారు. రేకుల చర్చి, దాని వెనక మాకు ఒక గది, ముందర ఒక వేపచెట్టు. సంఘం అంటే వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కుటుంబాలు. అందరూ వాన మీద బతికేవాళ్ళే. మబ్బు పడితే ప్రార్థనకు తక్కువ మంది వచ్చేవాళ్ళు, ఎండ కాస్తే ఎక్కువ మంది.

ఆయన వయసు అరవైకి దగ్గర. నేను మామా అని పిలిచేవాణ్ణి, ఆయన భార్యను అత్తా అనేవాణ్ణి. ఆయనకు చెనిక్కాయ చేను, ఒక చిన్న గొర్రెల మంద ఉండేవి. శుక్రవారం సాయంత్రం గొర్రెలు దొడ్లోకి వచ్చినాక వాళ్ళ ఇంటి ముందర బైబిలు స్టడీ పెట్టేవాళ్ళం. నేను ఒక భాగం చదివేవాణ్ణి, దాని అర్థం చెప్పేవాణ్ణి. ఆడవాళ్ళు ఒళ్ళో చేట పెట్టుకుని, విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తా వినేవాళ్ళు. నా మాటల మధ్యలో టప్ టప్ మని కాయలు పగిలే చప్పుడు. మొదట్లో చిరాకు పడినాను గానీ, తర్వాత్తర్వాత ఆ చప్పుడు లేకపోతే నాకు మాటలే వచ్చేవి కావు.

నేను చెప్పడం అయిపోయినాక మామ గొంతు సవరించుకునేవాడు. ఆయన ప్రశ్న ప్రతిసారీ ఒకటే.

"అంతా బాగుండాది అయ్యా. అయితే రేపు పొద్దున ఏం చేయల్ల?"

వ్యవసాయాఫీసరు ఊర్లోకి వచ్చి కొత్త విత్తనం గురించి చెప్పినప్పుడు రైతు అడిగినట్టే అడిగేవాడు. ఎంత లోతున వేయల్ల, ఎన్ని తడులు కావల్ల అన్నట్టు. నేను వాక్యం అంటే మనసుకు సంబంధించింది అనుకునేవాణ్ణి. ఆయనకు అది చేతులకూ కాళ్ళకూ సంబంధించిన పని.

ఒకసారి రేపటి గురించి దిగులు పడొద్దన్న బోధ చదివినాము. మరుసటి వారం ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"ఏమైంది మామా?"

"వారం నుంచి నేను మబ్బు వైపు తల ఎత్తలేదు అయ్యా. దిగులు పడొద్దంటిరి గదా. మెడ పట్టేసింది."

అత్త చేటలో చెనిక్కాయలు పక్కన పెట్టి, "నేను చెప్తానే ఉన్నా అయ్యా, చూస్తే చూసినావు, దిగులు పడొద్దన్నారు గానీ చూడొద్దన్లేదు అని. వింటే గదా!" అన్నది. మబ్బు చూడొచ్చు మామా అని నేను చెప్పిన వెంటనే ఆయన తల పైకెత్తి పడమటి దిక్కు అంతా ఒకసారి కళ్ళతో వెతికినాడు. ఆ ముఖంలో వెలుగు ఇప్పటికీ మరచిపోలేను.

ఇంకోసారి నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి. అత్తకు నోరు ఎక్కువ అని ఊరంతా తెలుసు. ఆమె ఆ వారమంతా గొర్రెలను కూడా తిట్టకుండా ఉండాలని పట్టు పట్టింది. తిట్టు లేకుండా గొర్రెలు కదలడం లేదని, చివరికి పాట పాడుతా తోలింది. ఆమె గొంతు విని గొర్రెలు ఇంకా వేగంగా పరిగెత్తినాయని మామ చెప్తే, చేటల్లో చెనిక్కాయలు కింద పడేంతగా నవ్వినాము.

ఆ ఏడు వాన సమయానికి వచ్చింది. చెనిక్కాయ చెట్టు పీకితే వేరు నిండా కాయలు. చానా ఏళ్ళ తర్వాత పల్లెలో జనం గట్టిగా మాట్లాడుకుంటా నడవడం చూసినామని పెద్దవాళ్ళు అన్నారు. ఆ సంతోషంలో కోతల పండుగ పెద్దగా చేయాలని సంఘమంతా అనుకున్నారు. ఎవరి చేలో పండింది వాళ్ళు తెచ్చి దేవుని ముందర పెట్టడం, ప్రార్థన చేయడం, తర్వాత వాటిని అక్కడే వేలం వేయడం, అందరూ కలిసి అన్నం తినడం. మా ఆవిడ, ఆడవాళ్ళు కలిసి చర్చి నిండా రంగు కాగితాలు కట్టినారు. కొర్ర కంకులు, జొన్న కంకులు కట్టలు కట్టి కిటికీలకు వేలాడదీసినారు. వెనక వైపు పొయ్యిల మీద అన్నం, కూర, పప్పుచారు ఉడుకుతా ఉన్నాయి.

ఆదివారం పొద్దున మామ ఒక పొట్టేలును తెచ్చినాడు. మందలో దానికంటే మంచిది లేదు. స్నానం చేయించి, నుదుటికి రిబ్బను కట్టి, తాడు పట్టుకుని తలుపు పక్కనే కూర్చున్నాడు. అది మధ్యమధ్యలో అరుస్తుంటే ఆయన దాని చెవిలో ఏదో చెప్పి ఊరుకోబెడుతున్నాడు.

కానుకల రోజు గదా అని నేను కానుక గురించిన భాగమే తీసుకున్నాను. దేవునికి కానుక తెచ్చినప్పుడు, నీ మీద నీ సహోదరునికి ఏదైనా కోపం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలిపెట్టి ముందు పోయి అతనితో సమాధానపడాలి, తర్వాత వచ్చి కానుక ఇవ్వాలి అని యేసు చెప్పిన మాట. నేను బాగా సిద్ధపడి వచ్చినాను. బలిపీఠం గురించి, ఆ కాలపు యెరూషలేము గురించి, పల్లెల నుంచి అంత దూరం నడిచి వచ్చే జనం గురించి చెప్పుకుంటా పోతున్నాను. ఇంకా సగం కూడా కాలేదు.

మామ లేచి నిలబడినాడు.

బయటికి పోవడానికేమో అనుకున్నాను. ఆయన పొట్టేలును లాక్కుంటా మధ్యలో నుంచి నా ముందరికే వచ్చినాడు. నా పక్కనున్న కిటికీ ఊచకు తాడు కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసినాడు.

"అయ్యా, ఇది ఈడే ఉండనీ. మా అన్న కాడికి పోయి వస్తా."

టవలు భుజం మీద వేసుకుని బయటికి పోయినాడు. సైకిలు స్టాండు తీసిన చప్పుడు అందరికీ వినిపించింది.

మామకు ఒక అన్న ఉన్నాడని, వంక అవతలి ఊర్లో ఉంటాడని, ఇద్దరికీ మాటల్లేవని నాకు తెలుసు. ఎందుకో తెలీదు. ఆ అన్న మా సంఘం మనిషి కాదు, వాళ్ళ ఇంటి దేవుళ్ళను కొలుచుకునే మనిషి. అత్త ముఖం పాలిపోయింది.

"అయ్యా, ఆ పెద్దాయన మొండి మనిషి. ఈయన అంతకంటే మొండి. ఇద్దరూ కొట్లాడుకుంటారేమో!"

నేను బైబిలు పట్టుకుని అలాగే నిలబడినాను. ప్రసంగం సాగించాలా, ఆపాలా? కానుకల ప్రార్థన చేద్దామంటే కానుక ఇచ్చే మనిషి లేడు. మా ఆవిడ ముందు వరసలోనే ఉంది. లేచి నా దగ్గరికి వచ్చి చిన్నగా అన్నది.

"మీరూ పోండి. పొమ్మని చెప్పింది మీరే గదా. ఇక్కడ మేము పాటలు పాడుకుంటా ఉంటాము."

ఎవరిదో సైకిలు అడిగి, తెల్ల బట్టల మీదే తొక్కుకుంటా బయలుదేరినాను. దావ నిండా, కాయలు తీసేసిన చెనిక్కాయ కట్టె రాలి ఉంది. వంక మీది కల్వర్టు దగ్గరికి పోయేసరికి మామ కనిపించినాడు. సైకిలు పక్కన పడేసి, కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం మామా, నిలబడిపోయినావు?"

"పొమ్మని చెప్పినారు అయ్యా. పోయి ఏం మాట్లాడల్లో చెప్పలేదు."

నిజమే. ఆ భాగం నా ప్రసంగంలో లేదు. నేనూ పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పినాడు సంగతి.

వాళ్ళమ్మ పెద్ద కొడుకు ఇంట్లో ఉండి కన్నుమూసింది. మామ అప్పటికి కొత్తగా విశ్వాసంలోకి వచ్చినాడు. ఆ చావు కార్యాల్లో చెయ్యి పెట్టకూడదని ఎవరో చెప్తే, దూరంగా నిలబడిపోయినాడు. అంతటితో ఆగినా బాగుండేది. పెద్ద దినం నాడు అమ్మకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టినప్పుడు, చుట్టాలందరి ముందర "చచ్చిపోయినామె వచ్చి తింటాదా, ఇదంతా ఉత్తదే" అన్నాడు. అన్న చేతిలో చెంబు కింద పడింది. మళ్ళీ నా గడప తొక్కొద్దు అన్నాడు. అదే ఆఖరి మాట.

"ఇప్పుడు ఏం చెప్పల్ల అయ్యా?"

"మనసులో ఉన్నది చెప్పు మామా."

"మనసులో చానా ఉండాయి. అన్నీ చెప్తే మళ్ళా కొట్లాటే."

నాకు వేరే దారి తోచలేదు. "సరే, నన్నే మీ అన్న అనుకో. ఏం చెప్తావో నాకు చెప్పి చూడు" అన్నాను.

ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూసినాడు. "మా అన్న నీ మాదిరి సన్నగా ఉండడు."

"అనుకో మామా."

నేను లేచి నిలబడి, చేతులు కట్టుకుని, గొంతు పెంచి, "ఏం, ఎందుకొచ్చినావు?" అన్నాను.

"ఊహూ. మా అన్న అట్ల అనడు. ముందు ఉమ్మేస్తాడు. అప్పుడు మాట్లాడతాడు."

నేను ఉమ్మినాను. తెల్ల జుబ్బా వేసుకుని, చంకలో బైబిలు పెట్టుకుని, వంక గట్టున పాస్టరు ఉమ్మడం చూసి మామకు నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని నవ్వినాడు. నవ్వుతా నవ్వుతా ఎప్పుడు ఏడుపులోకి దిగినాడో నాకు తెలియలేదు. టవలు ముఖానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు. నేను పక్కన నిలబడినాను. కాసేపటికి ముఖం తుడుచుకుని తనే సైకిలు లేపినాడు.

"పదయ్యా. దొరికిన మాట చెప్తా."

వాళ్ళన్న కళ్ళంలో ఉన్నాడు. చెనిక్కాయ వామి పక్కన నిలబడి కూలీలకు ఏదో చెప్తున్నాడు. మామకంటే పొడవు, మీసాలు తెల్లగా ఉన్నాయి. మమ్మల్ని చూసినాడు. పక్కకు తిరిగి ఉమ్మినాడు. నాకు అంత భయంలోనూ నవ్వు వచ్చింది, పెదవి కొరుక్కున్నాను.

"ఏమప్పా, దావ తప్పి వచ్చినావా?"

"లేదన్నా. నీ కాడికే వచ్చినా."

"ఈయనెవరు? సాక్షికి తెచ్చుకున్నావా?"

"మా పాస్టరయ్య. నేను పిలవలేదు, ఆయనే వచ్చినాడు."

కూలీలు పని ఆపి చూస్తున్నారు. మామ టవలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అన్నా, అమ్మ పెద్ద దినం నాడు నేను ఆ మాట అనకూడదు. నా దేవుణ్ణి నేను వదల్లేను, అది నీకూ తెల్సు. కానీ ఆ మాట దేవుడు అనమన్లేదు. నా పొగరు అనిపించింది. నువ్వు అమ్మ కోసం ఏడుస్తా పెట్టినావు ఆ ఆకు. నేను దాన్ని ఎగతాళి చేసినా. తప్పు నాదే."

పెద్దాయన వామి వైపు తిరిగినాడు. కోప్పడతాడని చూస్తున్నాను. ఆయన గొంతు మాత్రం మెత్తగా వచ్చింది.

"ఆ మాట ఎప్పుడో మరిచిపోయినా రా. ఆ మాటకు గాదు నాకు కోపం. అమ్మను మోసుకుని పోయే పొద్దు నా పక్కన భుజం పట్టడానికి ఎవరో మనుమడి వరస పిల్లోడు వచ్చినాడు. నువ్వు దూరంగా చెట్టు కింద నిలబడినావు. అమ్మకు ఇద్దరు కొడుకులు ఉండి, ఒక కొడుకు చోట ఎవరో మోసినారు గదా అని. అదీ నాకు బాధ."

"మోయొద్దని దేవుడు చెప్పలేదన్నా. నాకు తెల్వక అట్ల నిలబడితి. అమ్మ కదా అన్నా. నాకు మాత్రం ఉండదా?"

పెద్దాయన రెండు అడుగులు వేసి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసినాడు. వాటేసుకోవడాలు, పెద్ద మాటలు ఏమీ లేవు. భుజం పట్టుకుని ఊపినాడు, అంతే. "సన్నబడినావే. మా మరదలు సరిగా పెట్టడం లేదా?" అన్నాడు. మామ టవలుతో మళ్ళీ ముఖం కప్పుకున్నాడు.

ఇంతలో వాళ్ళ వదిన చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఎవరు పిలిచినారో తెలీదు, ఇంట్లో నుంచి పరిగెత్తుకుంటా వచ్చినట్టుంది. "నిలబెట్టే మాట్లాడతారా? లోపలికి రాండి. పొయ్యి మీద సంగటి ఉండాది" అన్నది. మామ గాభరా పడినాడు.

"వద్దు వదినా, ఆడ నా పొట్టేలు కట్టేసి వచ్చినా. జనమంతా నా కోసం కాచుకుని ఉండారు. నీతో సమాధానపడినాకే దాన్ని దేవునికి ఇయ్యల్ల అంట అన్నా."

పెద్దాయన కనుబొమ్మలు ఎగిరినాయి. "అంటే పొట్టేలు కోసం వచ్చినావా, నా కోసం వచ్చినావా?"

మామ బిక్కముఖంతో నా వైపు చూసినాడు, ఇది మనం నేర్చుకోలేదే అన్నట్టు. పెద్దాయన ఒక్కసారిగా నవ్వినాడు. మీసాలతో సహా ముఖమంతా నవ్వినాడు. "పదప్పా, ఆ పొట్టేలు ఏదో చూద్దాం" అని ట్రాక్టరు తీయమన్నాడు. వదిన పొయ్యి ఆర్పి వచ్చింది. కొడుకు, కోడలు, కూతురు ట్రాలీలో ఎక్కినారు. చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్ళు కూడా ఎక్కినారు. మా రెండు సైకిళ్ళూ ట్రాలీలోనే వేసినారు.

చర్చి దగ్గర ట్రాక్టరు ఆగేసరికి పాడే గొంతులు బొంగురు పోయి వినిపిస్తున్నాయి. తెలిసిన పాటలన్నీ అయిపోయి, మళ్ళీ మొదటి నుంచి పాడుతున్నారంట. పొట్టేలు ఊరికే ఉండలేదు. కిటికీకి కట్టిన కొర్ర కంకులు మొత్తం తినేసింది. అందినంత మేర రంగు కాగితాలు తినేసింది. నేను బైబిలు పెట్టుకునే బల్ల మీది గుడ్డ అంచు నములుతా ఉంది. అత్త ఒక కన్ను మూసి ప్రార్థన చేస్తా, ఒక కన్ను తెరిచి దాన్ని అదిలిస్తా ఉంది. తలుపులో మామను, వెనకాల బావను చూసి ఆమె లేచింది. నోరు పెద్దదని పేరు పడిన ఆమెకు ఒక్క మాట రాలేదు. వదిన లోపలికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే చాప మీద కూర్చున్నది.

పెద్దాయన గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రావాలా వద్దా అని నిలబడినాడు. కళ్ళు పొట్టేలు మీద పడినాయి.

"ఇది అమ్మ మంద జాతి గదరా?"

"అవునన్నా. ఆ నల్ల గొర్రె సంతతి."

అంతే, సంకోచం మరిచి నేరుగా ముందుకు వచ్చేసినాడు. దాని దవడ పట్టుకుని పళ్ళు చూసినాడు, వీపు నిమిరినాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీరు చెప్తా చెప్తా నిలిపినారంట గదా. కానీయండి, నేనూ వింటా" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపలే అత్తకు మాట వచ్చింది. "వద్దయ్యా! మళ్ళా ఎవరో ఒకరు లేచి పోతారు. అన్నం చల్లారిపోతాంది!"

రేకులు అదిరేలా నవ్వినారు జనం. నేను బైబిలు మూసేసినాను. కానుకల ప్రార్థన చేసినాము. మామ తాడు విప్పి నా చేతికి ఇచ్చినాడు.

వేలంలో పొట్టేలు దగ్గరికి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ పోటీ పడినారు. తన పొట్టేలును తనే కొనుక్కుని మళ్ళీ దేవునికి ఇద్దామని తమ్ముడి ఆలోచన. అమ్మ మంద జాతి తన ఇంటికి రావాలని అన్న పట్టుదల. ఎవరూ తగ్గడం లేదు. పొద్దున దాకా మాటల్లేని మనుషులు అందరి ముందర ఒకరి మీద ఒకరు అరుచుకుంటా వేలం పాడుతుంటే, పిల్లలు చప్పట్లు కొట్టినారు. చివరికి వదిన లేచి, "మరిదీ, ఇంక ఊరుకో. చూడాలనిపిస్తే మా ఇంటికి రా" అంటే మామ చల్లబడినాడు. పొట్టేలు ట్రాక్టరు ఎక్కింది. అందరమూ వేపచెట్టు నీడలో వరసగా కూర్చుని అన్నం తిన్నాము. పెద్దాయన రెండోసారి కూర అడిగి వేయించుకున్నాడు.

పెద్దాయన మా సంఘంలో చేరలేదు. చేరమని నేను అడగలేదు. కానీ పనుల్లేని శుక్రవారాల్లో తమ్ముడి ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చుని, బైబిలు స్టడీ వినేవాడు. తమ్ముడికంటే ఎక్కువ ప్రశ్నలు వేసేవాడు. తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకు కథ చెప్పిన రోజు, ఇంట్లోనే ఉండి కష్టపడిన పెద్ద కొడుకు పక్షాన చాలాసేపు వాదించినాడు. "వానికి ఆ నాయన ఒక మేకపిల్లన్నా ఇయ్యకపాయె గదప్పా" అని నిజంగానే కోపం తెచ్చుకున్నాడు. మామ చెనిక్కాయలు ఒలుస్తా ముసిముసిగా నవ్వుతున్నాడు.

ఎండాకాలం వచ్చినాక పెద్దాయన కూతురి పెళ్ళి. నాకూ మా ఆవిడకూ పత్రిక ఇచ్చి, తప్పకుండా రమ్మన్నాడు. పెళ్ళిపందిట్లో పురోహితుడు మంత్రాలు చదువుతున్నాడు, సన్నాయి మోగుతా ఉంది. మామ పట్టుపంచె కట్టుకుని, వచ్చినవాళ్ళను కూర్చోబెడుతా తిరుగుతున్నాడు. నేను వెనకాల కుర్చీలో కూర్చున్నాను. అక్షింతలు వేసే ముందు పెద్దాయన నన్ను చేత్తో పిలిచినాడు.

"అయ్యా, మా తమ్ముని ఆశ. పిల్లకు నువ్వు కూడా నాలుగు మంచి మాటలు ప్రార్థన చేయల్లంట. స్వామిని అడిగినా, సరే అన్నాడు." తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "చిన్నగా చెయ్యి. నీకు మొదలుపెడితే ఆపే అలవాటు లేదు. ముహూర్తం దాటిపోతాది" అన్నాడు.

పురోహితుడు నవ్వి పక్కకు జరిగి నాకు చోటు ఇచ్చినాడు. నా జీవితంలో అంత చిన్న ప్రార్థన అంతకు ముందు చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు. ఈ పిల్లలిద్దరూ నవ్వుతా బతకాలి, వీళ్ళ ఇంట్లో కోపం పొద్దు గూకేదాకా నిలవకూడదు అని అడిగినాను. ఆమెన్ అని ముందుగా గట్టిగా అన్నది అత్త. వెంటనే సన్నాయి అందుకుంది. అక్షింతలు వానలా పడినాయి, నా నెత్తి మీదా కొన్ని పడినాయి.